తెలుగులో మంచి పుస్తకాలు, వాటిని రాసినవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

‘ఏదైనా మంచి తెలుగు పుస్తకం చెప్పండి’ అని అడిగేవాళ్లకి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు. అడిగినవారి వయసు, ఊరు, ఓపిక బట్టి అది మారిపోతుంది. ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి నాకు తోచిన జవాబులు ఇవి. ఇష్టాయిష్టాలు నావే, ఒప్పుకోకపోతే నిరభ్యంతరంగా పోట్లాడవచ్చు.

బడి వదిలాక తెలుగు పుస్తకం ముట్టలేదు. దేనితో మొదలుపెట్టను?

కథలతో. చాలామంది ఉత్సాహం కొద్దీ విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ కొంటారు. యాభయ్యో పేజీ దగ్గర మూల మడిచి అరలో పెట్టేస్తారు. ఆ తరవాత ‘తెలుగు నావల్ల కాదు’ అని తేల్చేసుకుంటారు. విశ్వనాథ దగ్గరికి నిదానంగా వెళ్లవచ్చు, తొందరేం లేదు.

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910 నాటి కథ, నాలుగైదు పేజీలు మించదు. రాత్రి బాగా పొద్దుపోయాక గోపాలరావు ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు. ఆమె రాసిపెట్టిన ఉత్తరం ఒకటి, మధ్యలో దొరికిపోయిన నౌకరు రాముడు. కథకి ఇంతే సరంజామా. మొగుడూ నౌకరూ మాట్లాడుకునే తీరు చూడండి, నూరేళ్లు దాటిన మాటలంటే నమ్మబుద్ధి కాదు.

ఆ తరవాత పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో దీనికి రెండో బహుమతి వచ్చింది. ఆ సంగతి కాసేపు పక్కన పెట్టి చదవండి. నియమాలూ వేదాంతమూ ఒంటబట్టించుకున్న రావుగారు రైలెక్కుతారు. అదే పెట్టెలోకి ఒక ముష్టిది వస్తుంది. బయట గాలివాన ముదురుతుంది. మిగతాది నేను చెప్పను.

హాయిగా నవ్వుకుంటూ చదవాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. చదరంగం చుట్టూ తిరిగే ‘వడ్లగింజలు’ మొదట చదివి, ఆపైన ‘గులాబీ అత్తరు’, ‘మార్గదర్శి’ అందుకోండి. గోదావరి వైపు ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడుకునే మాటని అంత నిండుగా అచ్చులోకి తెచ్చినవాళ్లు ఆయనకి ముందూ లేరు, తరవాతా లేరనే నా నమ్మకం. చదువు మొదట్లో నత్తనడకే. పైకి చదవండి, రెండు కథలయ్యేసరికి నాలిక తిరుగుతుంది.

మొదటి తెలుగు కథ ఏది, మొదటి నవల ఏది?

పోటీ పరీక్షకి రాసే జవాబు వేరు, పరిశోధకులు తగువులాడుకునే జవాబు వేరు. కథ అంటే చాలాకాలం ‘దిద్దుబాటు’ పేరే చెప్పారు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చిందని తరవాత బయటపెట్టారు. నవలకి వస్తే, కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలైంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ 1872 నాటిది. వరసలో ఎవరు ముందుంటే ఏం గానీ, అచ్చమాంబ పేరు అన్నేళ్లు పాఠ్యపుస్తకాలకి ఎందుకు ఎక్కలేదన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

అమ్మకాల పట్టికలు లేవు, సమీక్షలు అంతంత మాత్రం. మంచి పుస్తకమని తెలిసేదెలా?

తెలుగులో ఒక పుస్తకాన్ని మీకు పరిచయం చేసేది చాలాసార్లు ఇంకో పుస్తకమే. అందుకే ముందుమాట, అంకితం దాటేయకండి.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ తెరిచి చూడండి. గీతాల్లో చాలావరకు 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. ముందు కనిపించేది చలం రాసిన ‘యోగ్యతాపత్రం’. కవికి యోగ్యతాపత్రం ఇవ్వమంటే చదివేవాడి యోగ్యతని నిలదీసి వదిలిపెట్టాడు చలం. అది చదివినవాళ్లు చలం పుస్తకం కోసం వెతక్కుండా ఉండలేరు. పేజీ తిప్పితే ‘కొంపెల్ల జనార్దనరావు కోసం’ అనే గీతం. ఎవరీ జనార్దనరావు? శ్రీశ్రీ మిత్రుడు, చిన్న వయసులోనే పోయిన సాహితీవేత్త. ఇంత సన్నటి పుస్తకంలోంచి అప్పుడే ఇద్దరు మనుషుల వైపు దారులు పడ్డాయి. అన్నట్టు, 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి ఇదే పుస్తకాన్ని శ్రీశ్రీ చేతిరాతతో, ఆయన గొంతుతో చదివిన క్యాసెట్టుతో తెచ్చారు. పాత పుస్తకాల వాళ్ల దగ్గర కనిపిస్తే బేరమాడకుండా తీసుకోండి.

ఇంకో ఆసరా సంకలనాలు. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏ ఏటికి ఆ ఏడు మంచి కథలు ఏరి ‘కథ’ సంపుటాలు వేస్తూ వచ్చారు. పాతవి ఏవి దొరికినా సరే, రెండు తెచ్చుకోండి. నచ్చిన పేర్లు రాసిపెట్టుకుని, వాళ్ల సొంత సంపుటాల కోసం వెతకండి. ప్రాచీన కవుల సంగతులు కావాలంటే ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ ఉంది. పేరు చూసి జడుసుకోకండి. ఆరుద్ర చెప్పే తీరు అరుగు మీద కూర్చుని ఊసులు చెప్పినట్టే ఉంటుంది.

వెనక అట్ట మీద పొగడ్తలంటారా, అవి స్నేహధర్మంగా రాసేవి. వాటి జోలికి పోకపోతేనే మంచిది.

అవార్డు పుస్తకాలు చదివితే సరిపోదా?

సరిపోదు గానీ, మొదలుపెట్టడానికి పనికొస్తుంది. తెలుగుకి జ్ఞానపీఠం మూడుసార్లు వచ్చింది. 1970లో విశ్వనాథ సత్యనారాయణకి, 1988లో సి. నారాయణరెడ్డికి, 2012కి గాను రావూరి భరద్వాజకి. భరద్వాజ ‘పాకుడురాళ్లు’ సినిమా లోకం లోపలి మురికిని తవ్విపోసిన నవల. రాసినాయన చదువు హైస్కూలు కూడా దాటలేదు.

కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో మొట్టమొదటి అవార్డు 1955లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కి ఇచ్చింది. రాజుల సంగతి తక్కువ, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది ఎక్కువ. ఇప్పటికీ బోరు కొట్టదు. ఈమధ్య వాటిలో బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ (2019 అవార్డు) చదివి తీరాలి. రాయలకాలం తరవాత అనంతపురం సీమ ఎలా బతికిందో అందులో చూస్తారు.

ఒక చిక్కుంది. అవార్డు వచ్చిన పుస్తకమే ఆ రచయిత ఉత్తమ రచన కానక్కర్లేదు. గుర్రం జాషువాకి 1964లో ‘క్రీస్తు చరిత్ర’కి ఇచ్చారు. జాషువాని జనం గుండెల్లో పెట్టుకున్నది 1941 నాటి ‘గబ్బిలం’ వల్ల. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలంతో కబురంపుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డులేదు కదా! ఇక చలం పేరు ఆ అవార్డుల జాబితాలో అసలు లేదు.

ఒక రచయిత బాగా నచ్చారు. ఆ తరవాత ఎటు వెళ్లాలి?

ముందు ఆయనవే మరో రెండు. ఆ తరవాత ఆయన ఊరు, ఆయన స్నేహితులు. తెలుగు రచయితలు ఊరికి కొందరుగా దొరుకుతారు, ఒకర్ని పట్టుకుంటే మిగతావాళ్లు వస్తారు.

ఉత్తరాంధ్రనే చూడండి. రాచకొండ విశ్వనాథశాస్త్రి, అంటే రావిశాస్త్రి, విశాఖపట్నంలో వకీలు. ‘అల్పజీవి’ నవలలో పిరికి గుమాస్తా సుబ్బయ్య మనసులోకి దూరి రాశారు. ‘ఆరు సారా కథలు’కి వచ్చేసరికి కోర్టు వరండాలోకి, పోలీసు స్టేషన్లోకి, సారా కొట్టు చీకట్లోకి దిగారు. వకీలుగా తను రోజూ చూసిన మనుషులే. అక్కణ్ణించి విజయనగరం పోతే చాగంటి సోమయాజులు. చాసో కథలు కొంచెమే, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు, ఒక్క మాట తీసేయడానికి వీలుండదు. ఇంకాస్త ముందుకి శ్రీకాకుళం, అక్కడ కాళీపట్నం రామారావు.

కారా మాస్టారు బడిపంతులు. 1964లో ‘యువ’ పత్రికలో వచ్చిన ఆయన ‘యజ్ఞం’ మీద తెలుగులో జరిగినంత చర్చ ఇంకే కథ మీదా జరిగి ఉండదు. ఒక అప్పు, దాని మీద ఊరి పంచాయితీ, అప్పు పడ్డ అప్పల్రాముడు. ముగింపు సబబా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ‘యజ్ఞంతో తొమ్మిది’కి 1995లో అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన రాయడం తగ్గించుకుని, ఇతరులు రాసిన కథలు పోగుచేయడానికి కూర్చున్నారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. పాత వారపత్రికలు, మాసపత్రికలు, సంపుటాలు వెతికి వెతికి తెచ్చి, తెలుగు కథ అన్నది ఎక్కడ అచ్చయినా అక్కడికి చేర్చాలని ఆయన పంతం. ఇప్పుడు దాని వెబ్‌సైటులో రచయిత పేరు కొడితే ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో కనిపిస్తుంది, చాలావాటికి స్కాన్ చేసిన ప్రతులు కూడా ఉంటాయి. మరుగున పడ్డ రచయితని పట్టుకోవడానికి దీన్ని మించిన చోటు నాకు తెలియదు.

రచయిత ఆత్మకథ రాసి ఉంటే వదలకండి. శ్రీపాద ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’, దాశరథి రంగాచార్య ‘జీవనయానం’, తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’ ఈ మూడూ నవలల కన్నా వేగంగా చదివిస్తాయి.

కలం పేర్లతో తికమకగా ఉంది. ఎవరెవరు?

శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ. భాగవతుల శంకరశాస్త్రి ఆరుద్ర. గుడిపాటి వెంకటచలం చలం. శివరాజు వెంకట సుబ్బారావు బుచ్చిబాబు. పోపూరి లలితకుమారి ఓల్గా. కొకు అంటే కొడవటిగంటి కుటుంబరావు. బీనాదేవి ఒక్కరు కాదు, భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. లైబ్రరీ పట్టికల్లో అసలు పేరు కింద ఒకచోట, కలం పేరు కింద ఒకచోట ఉంటాయి. రెండు చోట్లా వెతకాలి.

తెలంగాణ రచయితల పేర్లు పెద్దగా వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

వినకపోవడం కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్న మాటకి సురవరం ప్రతాపరెడ్డి ఒళ్లు మండి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. 354 మంది కవులు. వాదనకి దిగకుండా పేర్లూ పద్యాలూ తెచ్చి ముందు గుమ్మరించారు.

నవల కావాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. ఇళ్లల్లో వంట చేసిపెట్టి చదువు నేర్చుకున్న మనిషి ఆయన. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్య నిజాం మీద పద్యం కట్టి బొగ్గుతో గోడ మీద రాస్తుంటే పక్కనున్నది ఆళ్వారుస్వామే. దాశరథి తన ‘అగ్నిధార’ ఆయనకే అంకితమిచ్చారు. కృష్ణమాచార్య తమ్ముడు రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఆ వెంటనే చదవండి. దొర గడీ లోపల ఏం జరిగేదో పూసగుచ్చినట్టు ఉంటుంది. ఇప్పటివాళ్లలో పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’: ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకునే కుటుంబం, ఆ ఎలుగు. చిన్న నవల, ఒక పూట చాలు.

మాండలికంలో రాసినవి అర్థం కావట్లేదు.

మొదటి పది పేజీలు నిఘంటువు తెరవకండి. పైకి చదవండి, చెవికి అలవాటైతే అర్థం దానంతటదే వస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘సినబ్బ కథలు’ చిత్తూరు జిల్లా పల్లె మాట. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ సరస్సు దీవుల తెలుగు. వాటిలో చేపల పేర్లు, పిట్టల పేర్లు, తిండి పేర్లు మీకు తెలిసి ఉండే అవకాశం లేదు, తెలియకపోయినా కథ ఆగదు. అప్పటికీ కావాలంటే ఆంధ్రభారతి నిఘంటువులో వెతికితే చాలా మాటలు దొరుకుతాయి.

స్త్రీలు రాసినవాటిలో ముందు ఏవి?

ఓల్గా ‘విముక్త’తో మొదలుపెట్టండి, 2015లో అకాడమీ అవార్డు వచ్చిన కథలు. సీతకి శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురైతే ఏం మాట్లాడుకుంటారన్నది ఊహ. గోగు శ్యామల కథలు తరవాత. మాదిగ వాడ, అక్కడి పిల్లలు, తంగేడు పూలు పూసిన తాండూరు వైపు నేల. వారపత్రికల కాలం నాటి నవలలని చిన్నచూపు చూడకండి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదవడానికి ఇళ్లలో వంతులేసుకున్న తరం ఉంది. ఆ తరానికి చదివే అలవాటు చేసింది ఈ రచయిత్రులే.

ఒక పాత పుస్తకం కథ మాత్రం చెప్పి తీరాలి. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార కావ్యం రాసింది. వీరేశలింగం దాన్నీ ఆమెనీ కూడా దుయ్యబట్టారు. అంతకుముందు వేసిన అచ్చు ప్రతిలో పద్యాలు కొన్ని ఎగిరిపోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ, గొప్ప గాయని, రాతప్రతి సంపాదించి, పోల్చి, సరిచూసి 1910లో మద్రాసు వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యం వేయించింది. మరుసటేడు ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. ఇవాళ ఆ కావ్యం మన చేతికి వస్తోందంటే నాగరత్నమ్మ పట్టుదల వల్లే.

ఒకే ఒక్క నవల చెప్పమంటే?

డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఈనాల్సిన పంది ఇంటికి రాలేదు. ముసలాయన దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. ఒక రాత్రి. ఆయనకి పేరు కూడా లేదు. రాసినాయనది చిత్తూరు జిల్లా, ఉద్యోగం నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిలో. హెమింగ్వే గుర్తొస్తాడని కొందరంటారు. రానివ్వండి, ఈ అడవి మాత్రం మనదే.

‘కన్యాశుల్కం’ ఏ ముద్రణ కొనాలి?

1909 నాటి రెండో కూర్పు. 1897లో వచ్చిన మొదటిది చాలా చిన్నది. గురజాడ తిరగరాసి పెంచినదాన్నే మనం ‘కన్యాశుల్కం’ అంటున్నాం. పుస్తకం కొనేముందు లోపలి పేజీ చూసి ఏ కూర్పో నిర్ధారించుకోండి. ‘సంక్షిప్తం’ అన్న మాట కనిపిస్తే అక్కడే పెట్టేయండి.

పుస్తకం పేరు తెలుసు, దొరకడం లేదు. ఏం చేయాలి?

తెలుగు పుస్తకాలు తక్కువ ప్రతులు వేస్తారు, అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. కాబట్టి నచ్చింది కనిపించినప్పుడే కొనేయాలి. దొరకనప్పుడు అదే రచయిత ఇంకో పుస్తకం పట్టుకుని లోపలి రెండో పేజీ తిప్పండి. ప్రథమ ముద్రణ ఎప్పుడు, ముఖచిత్రం ఎవరిది, వెల ఎంత, వాటి కింద ‘ప్రతులకు’ అని ఉంటుంది. అసలు సంగతి ఆ ఒక్క మాట కిందే. పుస్తకాల షాపుల పేర్లు రెండు మూడు, చాలాసార్లు రచయిత ఇంటి చిరునామా, ఫోను నంబరు. మొహమాటపడకుండా ఫోన్ చేయండి. ఎత్తేది రచయితో, రచయిత కొడుకో కోడలో అయి ఉంటారు. అటక మీద కట్టలు మిగిలే ఉంటాయి.

విజయవాడలో ఏలూరు రోడ్డు, హైదరాబాద్‌లో కాచిగూడ, ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు తిరగండి. చలికాలం రెండు నగరాల్లోనూ పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. చిన్న ప్రచురణకర్తల స్టాళ్లు లోపలి వరసల్లో ఉంటాయి, ముందు అక్కడికి వెళ్లండి. కొనడానికి లేనివి లైబ్రరీలో చూడాలి. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901 నుంచి ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికే పోతారు.

విదేశాల్లో ఉన్నాం. పిల్లలకి మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

ముందు మీరు చదివి వినిపించండి. పాత చందమామలు ఉన్నాయి, ముళ్లపూడి ‘బుడుగు’ ఉంది. బుడుగు మాటలు పిల్లలకి త్వరగా పట్టుబడతాయి, తరవాత నన్ను అనకండి. కాస్త పెద్దవాళ్లకి అనువాదాలు దొరుకుతున్నాయి. ‘కన్యాశుల్కం’ని వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి తెచ్చారు. ‘విముక్త’ కూడా ఇంగ్లీషులో వచ్చింది. మీకోసమైతే ‘ఈమాట’ వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది. పాత సంచికలన్నీ ఉచితంగా చదవవచ్చు.

వేరే భాషల నుంచి తెలుగులోకి వచ్చినవి చదవచ్చా?

భేషుగ్గా. ఒక తరమంతా మాస్కోలో అచ్చయిన సోవియట్ పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో కొనుక్కుని పెరిగింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన సహవాసి అనువాదం ‘ఏడు తరాలు’ చదివితే అనువాదమన్న సంగతే మరిచిపోతారు. అనువాదకుడి పేరు చూసి కొనడం అలవాటు చేసుకోండి.

నెట్‌లో దొరికే పీడీఎఫ్‌లు దించుకోవచ్చా?

కొన్ని దించుకోవచ్చు, కొన్ని కూడదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడు మొదలు 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. గురజాడ (1915), వీరేశలింగం (1919), ఉన్నవ లక్ష్మీనారాయణ (1958), శ్రీపాద (1961), గోపీచంద్ (1962) తమ జీవితకాలంలో వేసిన పుస్తకాలు ఇప్పుడు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో, ఆర్కైవ్ సైటులో నిశ్చింతగా చదువుకోండి. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి వాళ్ల రచనల మీద హక్కులు ఇంకా ఉన్నాయి. పాత పుస్తకానికి కొత్తగా రాసిన ముందుమాట, వ్యాఖ్యానం, అనువాదం వీటికి వేరే హక్కు ఉంటుంది. ఇక బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం దొంగతనమే. మూడొందల ప్రతులు అమ్ముడుపోతే చాలనుకునే రచయితకి పదిమంది పీడీఎఫ్‌తో సరిపెట్టుకున్నా అది పెద్ద దెబ్బే. పుస్తకం బజార్లో లేకపోతే, రెండో ముద్రణ వేయమని ‘ప్రతులకు’ కింద ఉన్న ఆ నంబరుకే ఫోన్ చేసి అడగండి. అడిగేవాళ్లు నలుగురున్నారంటే వేసిన ప్రచురణకర్తలు ఉన్నారు.